పంత్‌కు 27 కోట్లు, రంజీ కుర్రవాడికి రోజుకు 40 వేలు: మార్కెట్ తేల్చిన ఈ తేడా న్యాయమేనా?

(ఇది పలువురి మధ్య సాగిన చర్చ. ఒక్కో భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

మూడో స్లిప్

2024 నవంబరులో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో లక్నో జట్టు రిషభ్ పంత్‌ను 27 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. తుది జాబితాలోని 570 మందికి పైగా ఆటగాళ్లలో అమ్ముడైనవారు 182 మంది. పది జట్లూ కలిసి వారిపై పెట్టిన సొమ్ము 639.15 కోట్లు. అదే కాలంలో, దేశవాళీ జట్ల మధ్య జరిగే రంజీ ట్రోఫీ ఆడుతున్న, ఇరవై మ్యాచ్‌ల అనుభవం దాటని కుర్రవాడికి 2021లో సవరించిన రేటు ప్రకారం ఆడిన రోజుకు 40,000 రూపాయలు వస్తాయి. లీగ్ దశలోని ఏడు నాలుగు రోజుల మ్యాచ్‌లలోనూ తుది పదకొండు మందిలో చోటు దొరికితే సీజన్‌కు 11 లక్షల 20 వేలు చేతికందుతుంది. పంత్ ధర దానికి దాదాపు 240 రెట్లు.

ఆదాయాల తేడా గురించి మాట్లాడటానికి క్రికెట్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, సాఫ్ట్‌వేర్ జీతమైనా కార్పొరేట్ ఆసుపత్రి వైద్యుడి ఆదాయమైనా ఏ గదిలో ఎలా నిర్ణయమైందో మనకు కనపడదు. ఇక్కడ బేరం అందరి ముందూ జరుగుతుంది. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు, ఎవరి జేబూ కొట్టలేదు. అయినా ఈ తేడాను న్యాయమైనదని అనగలమా, లేక చట్టబద్ధమైనదని మాత్రమే అని ఊరుకోవాలా? పంత్ అంత విలువైన బ్యాట్స్‌మన్ అవునా కాదా అన్న చర్చకు వేరే చోటుంది. దయచేసి ఇక్కడికి తేవద్దు.

సీతమ్మధార

బలవంతం గానీ మోసం గానీ లేదని మీరే అంటున్నారు కనుక, అన్యాయం ఎక్కడుందో చూపించే బాధ్యత అది ఉందనేవారిదే అవుతుంది. అమెరికన్ తాత్వికుడు రాబర్ట్ నోజిక్ 1974లో ఈ వాదాన్నే బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ ఉదాహరణతో చెప్పాడు. మీకు ఏ పంపకం న్యాయమనిపిస్తే దానితోనే మొదలుపెట్టండి, కావాలంటే అందరికీ సమానంగానే పంచండి. ఆ తర్వాత ఒక్కొక్క ప్రేక్షకుడూ చాంబర్లేన్ ఆట చూడటానికి ఇష్టపూర్వకంగా పావు డాలరు ఇస్తూ పోతే, సీజన్ ముగిసేసరికి అతను మిగతావారికంటే ఎంతో ధనవంతుడవుతాడు. మొదటి పంపకంలో తప్పు లేనప్పుడు, మధ్యలో జరిగిన ప్రతి చెల్లింపూ ఇచ్చినవాడి ఇష్టం మీదే జరిగినప్పుడు, చివరికి మిగిలిన తేడా మాత్రం ఎలా తప్పవుతుంది? ఆ సమానత్వాన్ని అలాగే నిలపాలంటే జనం తమ డబ్బును తమకు నచ్చినట్టు ఖర్చు చేసుకోకుండా ప్రతిరోజూ అడ్డుపడవలసి వస్తుంది.

రంజీ మ్యాచ్‌లకు చాలా మైదానాల్లో ప్రవేశం ఉచితం, అయినా స్టాండ్లు ఖాళీగానే ఉంటాయి. 2025 జనవరిలో విరాట్ కోహ్లీ దిల్లీ తరఫున రంజీ ఆడటానికి దిగినప్పుడు అదే ఉచిత ప్రవేశానికి వేలమంది తెల్లవారుజామునే వరుసల్లో నిలబడ్డారు. ఎవరిని చూడాలో నిర్ణయించుకున్నది జనమే.

అశోక్‌నగర్ చౌరస్తా

సీతమ్మధార గారి వాదంలో బలముంది, కానీ అది ఆటగాడు మైదానంలో అడుగుపెట్టిన క్షణం నుంచి మాత్రమే లెక్కిస్తుంది. మరో అమెరికన్ తాత్వికుడు జాన్ రాల్స్ 1971లో వేసిన ప్రశ్న దానికి ముందుది. చూపుకూ చేతికీ మధ్య అంత వేగవంతమైన సమన్వయంతో పుట్టడం ఎవరి కష్టార్జితమూ కాదు. నెట్ ప్రాక్టీసుకు తీసుకువెళ్లగలిగిన ఇంట్లో పుట్టడమూ అంతే. ఆ పుట్టుక ఫలాన్ని పూర్తిగా ఒక్కరి సొంత ఆస్తిగా లెక్కవేయడానికి కారణం కావాలి. అలాగని అందరికీ ఒకే జీతం ఇవ్వమని రాల్స్ అనలేదు. అవకాశాలు నిజంగా అందరికీ తెరిచి ఉండాలనీ, తేడా వల్ల అందరికంటే అట్టడుగున ఉన్నవారి పరిస్థితి తేడా లేనప్పటికంటే మెరుగవ్వాలనీ, అప్పుడే తేడాను సమర్థించవచ్చుననీ అన్నాడు.

కాబట్టి నా ప్రశ్న పంత్ 27 కోట్ల గురించి కాదు. ఆ 27 కోట్లను సాధ్యం చేసిన ఏర్పాటు వల్ల రంజీ కుర్రవాడికి, మాజీ ఆటగాడికి, పిచ్ తయారుచేసేవాడికి ఏం దక్కింది? ఎవరైనా లెక్కలు చెప్పగలరా?

పాత రేడియో

1983లో ప్రపంచ కప్ గెలిచి వచ్చిన కపిల్ దేవ్ జట్టుకు బహుమతి ఇవ్వడానికి క్రికెట్ బోర్డు దగ్గర డబ్బు లేకపోతే, లతా మంగేష్కర్ దిల్లీలో కచేరీ చేసి నిధులు సమకూర్చారు; ఆటగాళ్లకు తలా లక్ష రూపాయలు ముట్టాయి. ఈనాటి ఆటగాళ్లు వాళ్లకంటే వందల రెట్లు కష్టపడుతున్నారని ఎవరూ అనలేరు. మధ్యలో మారింది ఆటగాడి ప్రతిభ కాదు, టీవీ. ఆ టీవీ మార్కెట్ కూడా వర్షంలాగా దానంతట అది కురవలేదు. 1993లో హీరో కప్ ప్రసార హక్కుల మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ దూరదర్శన్‌కూ తగాదా వచ్చి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదనీ 1995లో తీర్పు వచ్చింది. దూరదర్శన్ ఒక్కటే కొనుగోలుదారుగా ఉన్న రోజులు పోయి హక్కులకు పోటీ పెరగడంలో ఆ తీర్పు పాత్ర చిన్నది కాదు. ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పిన దాని మీదుగా పుట్టిన సొమ్ములో ప్రజల మాటకు చోటు లేదనడం నాకు వింతగా ఉంటుంది.

సీతమ్మధార

పాత రేడియో గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. మార్కెట్‌ను గట్టిగా సమర్థించిన ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హాయెక్ కూడా మార్కెట్ ధర మనిషి యోగ్యతకు ఇచ్చే పతకం కాదని స్పష్టంగానే ఒప్పుకున్నాడు. ఎక్కడ కొరత ఉందో, జనం దేన్ని కోరుకుంటున్నారో తెలియజేయడమే ధర పని. 1983 జట్టుకు తక్కువ రావడం ఎవరూ చేసిన అన్యాయం కాదు, దురదృష్టం. యోగ్యతను తూచి జీతాలు నిర్ణయించే కమిటీ ఒకటి పెట్టారనుకోండి, అందులో ఎవరు కూర్చుంటారు? మన క్రీడా సంఘాల చరిత్ర తెలిసినవారు ఆ కమిటీని కోరుకోరు.

ఇంకొక సంగతి. హైదరాబాదులో ఆటో నడుపుకునే తండ్రికి పుట్టిన మహమ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నది. తిలక్ వర్మ తండ్రి ఎలక్ట్రీషియన్. అతన్ని 2022లో ముంబై కోటీ 70 లక్షలకు తీసుకుంది. సిఫారసు లేని ఇళ్ల పిల్లలకు ఈ వేలం తెరిచినన్ని తలుపులు ఏ సెలక్షన్ కమిటీ తెరిచింది?

లెడ్జర్ పుట

ఇద్దరి వాదాలకూ పునాదిగా ఉన్న ఒక విషయాన్ని ముందుగా పరీక్షించాలి. పంత్ ధరను మార్కెట్ నిర్ణయించిందని అందరూ అనుకుంటున్నారు. ఎంతవరకు నిజమో లెక్క చూద్దాం.

2023 నుంచి 2027 వరకు ఐదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి, అంటే ఏడాదికి 9,678 కోట్లు. టాటా సంస్థ టైటిల్ హక్కులకు చెల్లించే ఏడాదికి 500 కోట్లు, టికెట్లు, చొక్కాల మీది ప్రకటనలు ఇందులో లేవు. ఇక ఆటగాళ్ల వైపు చూస్తే, 2025 సీజన్‌కు ఒక్కో జట్టు వేలం పర్సు, అంటే ఆటగాళ్లను కొనడానికి ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తం, 120 కోట్లు. కొత్తగా ప్రవేశపెట్టిన మ్యాచ్‌కు ఏడున్నర లక్షల ఫీజు, ప్రదర్శన చెల్లింపులు కలిపినా జట్టు మొత్తం జీతాల పరిమితి 146 కోట్లు. పది జట్లకు సుమారు 1,460 కోట్లు. ప్రసార హక్కుల ఆదాయంతో మాత్రమే పోల్చినా ఇది 15 శాతం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఆటగాళ్లకు లీగ్ ఆదాయంలో ఇంచుమించు సగం వెళుతుంది, ఎందుకంటే అక్కడ ఆటగాళ్ల సంఘం యజమానులతో కూర్చుని బేరమాడుతుంది. మన దేశంలో 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘంలో సభ్యత్వం మాజీలకే. ప్రస్తుతం ఆడుతున్నవారి తరఫున బేరమాడేవారు లేరు.

పర్సు పరిమితిని నిర్ణయించింది కొనుగోలుదారులే కూర్చున్న బల్ల. ఆ పరిమితి లోపల ఒకరికి 27 కోట్లు ఇస్తే మిగతావారికి 93 కోట్లే మిగులుతాయి. అంటే పైవాడికీ కిందివాడికీ మధ్య తేడా కొంతవరకు ఆ గీత గీసిన ఫలితం. విదేశీ ఆటగాళ్ల సంగతి ఇంకా విచిత్రం. 2025 డిసెంబరు చిన్న వేలంలో కోల్‌కతా కామెరాన్ గ్రీన్‌ను 25 కోట్ల 20 లక్షలకు పాడింది, కానీ నిబంధన ప్రకారం అతనికి దక్కేది 18 కోట్లే. మిగిలిన 7 కోట్ల 20 లక్షలు ఆటగాళ్ల సంక్షేమం పేరుతో బోర్డుకు వెళతాయి. పంత్‌ను కొన్న లక్నో జట్టు హక్కులనే 2021లో 7,090 కోట్లకు కొన్నారు. పంత్ జీతం దానిలో 0.4 శాతం కూడా లేదు.

కాబట్టి నోజిక్ ఉదాహరణ ఇక్కడ అతకదు. ప్రేక్షకుడి పావు డాలరు నేరుగా చాంబర్లేన్ పెట్టెలో పడినట్టు ఊహిస్తేనే ఆ వాదం నిలుస్తుంది. ఐపీఎల్‌లో పెట్టె యజమానులదీ బోర్డుదీ; అందులోంచి ఆటగాళ్లకు ఎంత తీయాలో కూడా వాళ్లే రాసుకున్నారు.

తాటిమట్ట

లెడ్జర్ గారి లెక్క ప్రకారం అన్యాయం జరిగింది పంత్‌కన్నమాట! ఊళ్లో తాటిమట్ట బ్యాటుతో ఆడుకునే పిల్లల తరఫున ఆయనకు నా ప్రగాఢ సానుభూతి.

సీతమ్మధార

జీతాల పరిమితి లేకపోతే డబ్బున్న రెండు జట్లు మంచి ఆటగాళ్లందరినీ కొనేస్తాయి, ఫలితం ముందే తెలిసిన మ్యాచ్‌ను ఎవరూ చూడరు, మొత్తం ఆదాయమే పడిపోతుంది. లీగ్ అనేది పది జట్లు కలిసి తయారుచేసే ఒకే సరుకు కనుక, దానికి ఉమ్మడి నియమాలు ఉండటం మార్కెట్‌కు విరుద్ధమని నేననుకోను. ఎన్‌బీఏలోనూ పరిమితి ఉంది.

లెడ్జర్ పుట

ఎన్‌బీఏలో పరిమితి ఆదాయంతో పాటు పెరుగుతుంది, దాని మీద ఆటగాళ్ల సంతకమూ ఉంటుంది. నా అభ్యంతరం పరిమితి ఉండటం మీద కాదు. ఒక పక్షం మాత్రమే రాసిన నియమాల నుంచి వచ్చిన ధరను జనాభీష్టమని పిలవడం మీద.

పెన్నా గట్టు

ఇంతవరకు జరిగిన చర్చలో ఆటగాళ్లందరూ మగవారే కావడం గమనించాను. జనం ఎవరిని చూస్తే వారికే డబ్బు అన్న సూత్రాన్ని మహిళా క్రికెట్ మీద పెట్టి చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి.

ముందుగా బలం. మహిళల ప్రీమియర్ లీగ్ మొదటి ఐదేళ్ల ప్రసార హక్కులు 951 కోట్లకు అమ్ముడయ్యాయి. పురుషుల లీగ్ ధరలో అది యాభయ్యో వంతు. 2023లో జట్టుకు 12 కోట్ల పర్సు చొప్పున ఐదు జట్లకు 60 కోట్లు. ఏడాది హక్కుల సొమ్ము 190 కోట్లలో అది 31 శాతానికి పైనే. లెడ్జర్ గారి 15 శాతంతో పోలిస్తే వాటా పరంగా అమ్మాయిలకే ఎక్కువ దక్కుతున్నట్టు. అందుచేత స్మృతి మంధానకు వచ్చిన 3 కోట్ల 40 లక్షలను చూసి వివక్ష అని తొందరపడి అనేయలేం.

ఇప్పుడు బలహీనత. మహిళా క్రికెట్‌ను బోర్డు తన గొడుగు కిందికి తెచ్చుకున్నది 2006లో. అబ్బాయిలకు 2008లో లీగ్ పెట్టి, అమ్మాయిలకు అలాంటిది పెట్టడానికి ఇంకో పదిహేనేళ్లు తీసుకుంది. ఆ పదిహేనేళ్లూ ప్రధాన సమయంలో ప్రసారం గానీ ప్రచారం గానీ దాదాపు లేకుండా చేసి, వాళ్ల ఆటను జనం చూడటం లేదు కాబట్టి డబ్బు లేదు అనడం ఎలాంటి వాదం? గిరాకీ అనేది ముందే ఉండి, దాన్ని లెక్కపెట్టి ధర కడుతున్నట్టు సీతమ్మధార గారు మాట్లాడుతున్నారు. కొంత గిరాకీని పెట్టుబడే తయారుచేస్తుంది, ఆ పెట్టుబడి ఎవరి మీద పెట్టాలో కొందరు మనుషులే కూర్చుని నిర్ణయిస్తారు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచారు. మా కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని 2024 డిసెంబరు వేలంలో 55 లక్షలకు తీసుకున్న దిల్లీ జట్టే, కప్ గెలిచిన నెలలోనే కోటీ 30 లక్షలకు మళ్లీ కొన్నది. ఆమె ఎడమచేతి స్పిన్ ఒక్క ఏడాదిలో రెండింతలు పదునెక్కిందని నేననుకోను. ఆమెను చూసే కళ్లు పెరిగాయి.

2022 అక్టోబరులో అంతర్జాతీయ మ్యాచ్ ఫీజును స్త్రీపురుషులకు సమానం చేశారు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. ఆ నిర్ణయాన్ని మార్కెట్ తీసుకోలేదు, అయినా దానివల్ల మార్కెట్ ఏమీ కూలిపోలేదు. మహిళలు ఆడే టెస్టులే అరుదు కనుక అందులో సమానత్వం కాగితం మీదే ఎక్కువన్నది వేరే సంగతి.

ఉప్పల్ రింగ్ రోడ్డు

పిచ్ తయారుచేసేవారి గురించి చౌరస్తా గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. 2024 సీజన్ ముగిశాక, పది ప్రధాన వేదికల్లోని మైదాన సిబ్బందికీ క్యూరేటర్లకూ వేదికకు 25 లక్షల చొప్పున బోర్డు బహుమతి ప్రకటించింది. సంతోషమే. కానీ అది బహుమతి. ఇచ్చినా ఇవ్వకపోయినా అడిగే హక్కు లేనిది. 2023 ఆసియా కప్ ఫైనల్లో కొలంబోలో 21 పరుగులకు ఆరు వికెట్లు తీసిన సిరాజ్, తనకు వచ్చిన 5,000 డాలర్లను అక్కడి మైదాన సిబ్బందికి ఇచ్చేశాడు. వాన పడ్డప్పుడల్లా కవర్లు లాగినవాళ్లు లేకపోతే ఆ టోర్నీయే జరిగేది కాదని అతనికి తెలుసు. సిరాజ్ మంచితనానికి నమస్కారం పెడతాను, కానీ ఆ పనివారి ఆదాయం ఆటగాడి మంచితనం మీద ఆధారపడవలసి రావడాన్నే నేను ఇక్కడ ప్రశ్నిస్తున్నాను. మైదానాల్లో పనిచేసినవాడిగా అంటున్నాను: మ్యాచ్ రోజుల్లో వచ్చే కాంట్రాక్టు మనుషులకు హక్కుల ధర రెండింతలైనా కూలి రెండింతలు కాదు.

అశోక్‌నగర్ చౌరస్తా

నేను వేసిన ప్రశ్నకు కొంత సమాధానం నేనే వెతికాను. 2022 జూన్‌లో, ఈ ప్రసార హక్కుల ఈ-వేలం జరుగుతున్న రోజుల్లోనే, మాజీల పింఛన్లు పెంచారు. ఫస్ట్‌క్లాస్ ఆటగాళ్లకు నెలకు 15,000 ఉన్నది 30,000 అయింది. మాజీ టెస్టు ఆటగాళ్లలో 37,500 అందుకునేవారికి 60,000 అయింది. రంజీ ఫీజు కూడా 2021కి ముందు రోజుకు 35,000 ఉండేది. కాబట్టి పై నుంచి కిందికి ఏమీ రాలేదనడం అబద్ధం. కానీ హక్కుల ధర గత ఐదేళ్ల ఒప్పందమైన 16,347 కోట్ల నుంచి దాదాపు మూడింతలైనప్పుడు, కొత్త రంజీ ఆటగాడి రోజు ఫీజు 35 నుంచి 40 వేలకు మాత్రమే చేరింది. రాల్స్ పరీక్షలో ఇది బొటాబొటి మార్కులతో గట్టెక్కవచ్చేమో, అంతకుమించి కాదు.

పన్నుల సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది. తేడాను సరిదిద్దడానికి పన్నులున్నాయి కదా అని సాధారణంగా అంటారు.

లెడ్జర్ పుట

కొత్త పన్ను విధానంలో 2 కోట్లు దాటిన ఆదాయానికి సర్‌చార్జి, సెస్సులతో కలిపి పై శ్లాబు రేటు 39 శాతం. 27 కోట్ల మీద స్థూలంగా పదిన్నర కోట్లు ఖజానాకు వెళతాయి. మరోవైపు, ఐపీఎల్ నిర్వహించినంత మాత్రాన క్రికెట్ బోర్డుకు ధార్మిక సంస్థగా ఉన్న పన్ను మినహాయింపు పోదని ముంబైలోని ఆదాయపు పన్ను అప్పీలు ట్రైబ్యునల్ 2021లో తీర్పిచ్చింది. ఆటను ప్రోత్సహించడమే సంస్థ ధ్యేయమన్నది ఆ మినహాయింపుకు ఆధారం. ఆ ధ్యేయాన్ని వారు అంత గట్టిగా చెప్పుకున్నప్పుడు, రంజీ ఆటగాడి రోజు ఫీజును అదే కొలబద్దతో అడగడంలో అనుచితమేమీ లేదు.

తాటిమట్ట

ఇందాక ఎగతాళిగా రాశాను కానీ ఒక ముఖ్యమైన మాట మిగిలింది. సీతమ్మధార గారు సిరాజ్‌నూ తిలక్‌నూ చూపించారు. నితీశ్ కుమార్ రెడ్డి ఆట కోసం ఆయన తండ్రి విశాఖలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారు. ఆ కుర్రవాడు 20 లక్షల ధర నుంచి 6 కోట్లకు ఎదిగాడు. అలాగే ఉద్యోగం మానేసి, పొలం అమ్మి, చదువు మాన్పించి అకాడమీల చుట్టూ తిప్పిన తండ్రులు మరెందరో ఉన్నారు, వారి పిల్లల పేర్లు వేలం జాబితా దాకా రాలేదు. పైనున్న ఒకరిద్దరికి దక్కే మొత్తం ఎంత పెద్దదైతే కింద అంతమంది అన్నీ పణంగా పెడతారు. గెలిచినవాడి ధరను న్యాయమని నిరూపించినంత మాత్రాన, ఓడినవాడు ఇరవై రెండేళ్లకు చేతిలో డిగ్రీ కూడా లేకుండా మిగలడం న్యాయమైపోదు. వాళ్ల కోసం ఏ పర్సులోనూ ఒక గడి లేదు.

సీతమ్మధార

తాటిమట్ట గారు చెప్పిన నష్టం నిజమైనదే, కానీ అది తెలిసి ఎంచుకున్న సాహసం. సినిమా నటనలోనూ సివిల్స్ పరీక్షల్లోనూ ఇదే జరుగుతుంది. లెడ్జర్ గారి మాట ప్రకారం అసలు మార్కెట్ లేదు కనుక, నిజమైన మార్కెట్‌ను తెద్దాం: పరిమితి తీసేద్దాం, ఆటగాళ్లకు సంఘం ఉండనిద్దాం. అప్పుడు పంత్‌కు వంద కోట్లు వస్తాయి. రంజీ కుర్రవాడితో తేడా 240 రెట్లు పోయి 900 రెట్లవుతుంది. అది మీకు సమ్మతమేనా?

లెడ్జర్ పుట

కింద నేల గట్టిగా ఉంటే 900 రెట్లయినా నాకు సమ్మతమే. రంజీలో 38 జట్లున్నాయి. జట్టుకు ఇరవై మంది చొప్పున 760 మందికి, మ్యాచ్ ఫీజుతో నిమిత్తం లేకుండా ఏడాదికి 20 లక్షల స్థిరమైన ఒప్పందం ఇస్తే అయ్యేది 152 కోట్లు. ప్రసార హక్కుల ఏడాది ఆదాయంలో ఇది 1.6 శాతం. గాయమై ఏడాదంతా కూర్చున్నా ఆ కుర్రవాడి ఇల్లు గడుస్తుంది, తాటిమట్ట గారు చెప్పిన సాహసంలోని నష్టమూ తగ్గుతుంది. దీనికి పంత్ జీతంలోంచి ఒక్క రూపాయి కూడా తీయనక్కరలేదు.

పెన్నా గట్టు

ఆ 760 మందిలో ఒక్క అమ్మాయి కూడా లేదు. దేశవాళీ ఆడే మహిళలను అంతే సంఖ్యలో కలిపినా మొత్తం 304 కోట్లు, అంటే 3.2 శాతం దాటదు. లెక్క వేసేటప్పుడే కలిపి వేయండి. తర్వాత కలుపుతామన్న వాటికి పదిహేనేళ్లు పట్టిందని పైనే రాశాను.